గారు అనుకున్న మాట

మొన్న ఎండాకాలం హనుమకొండలో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికార్డుల వ్యాపారులమంతా కలిశాం. వేదిక వెనక ఫ్లెక్సీ మీద "ట్యాబ్లెట్లు, డౌన్‌లోడ్లు వచ్చాక డెస్క్‌టాప్ ఇంకా అవసరమా?" అని పెద్దక్షరాలతో రాసి ఉంది. మాట్లాడమని నన్ను పిలిచారు. వరంగల్‌లో అందరికంటే ముందు డెస్క్‌టాప్‌ను దుకాణంలోంచి బయట పడేసినవాణ్నని నాకొక పేరుంది. ఆ పేరు పుట్టించుకున్నది కూడా నేనే.

శాలువా కప్పించుకున్నాను. మైకు అందుకున్నాను. సభ కదా అని కూడా చూడకుండా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను.

"మా దుకాణంల ఒక భాయ్ ఉండేటోడు. మంచోడే. కానీ మారలే. ఆ డబ్బా ముందట కూసుంటే లేవకపోయేది. ఆఖరికి ఏం చేసిండు? ఉర్దూ కార్డు మీద బతికున్న మనిషిని సచ్చిపోయిండని అచ్చేసిండు. ఒక్కన్ని గాదు, ఇద్దరిని! మారనోని గతి గంతే."

హాలంతా నవ్వింది. ముందు వరుసలో ఒకాయన కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. ఎవరో వీడియో తీసి గ్రూపుల్లో పెట్టారు.

ఆ ముక్కలో "మంచోడే" అన్నది ఒక్కటే నిజం. మిగతాదంతా అబద్ధం. తెలియక చెప్పిన అబద్ధం కాదు. ఆ అబద్ధం వల్ల ఒక మనిషిని ఈ ఊళ్లో ఏళ్ల తరబడి "మర్హూమ్ భాయ్" అని పిలుస్తున్నారు. మర్హూమ్ అంటే ఉర్దూలో చనిపోయినవారు, మన కీర్తిశేషులు అన్నమాట. బతికున్నవాడికి ఆ పేరు తగిలించింది నేను. నా చేతనైతే దాన్ని ఊడబీకడానికే ఇది రాస్తున్నాను.

దుకాణం నాదీ భాయ్‌దీ, ఇద్దరిదీ. వరంగల్ చౌరస్తాకు దగ్గర్లో ఒక సందు మొదట్లో ఉండేది. మాది మగ్గం నేసిన ఇల్లు. ఆయనది మండిబజార్. ఒకే బళ్లో తెలుగు మీడియం చదువుకున్నాం. ఉర్దూ మాత్రం ఆయన ఇంట్లో తాత దగ్గర నేర్చుకున్నాడు. నేను తెలుగు, ఇంగ్లీషు కార్డులు చూసుకునేవాణ్ని. ఉర్దూ ఆయనది. ముస్లింల పెళ్లికార్డును మా దగ్గర రుఖా అంటారు. మూడు భాషల రుఖా కావాలంటే వర్ధన్నపేట నుంచి, ఇంకా అవతలి నుంచి కూడా మా సందు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. వాళ్లు వచ్చేది నన్ను చూసి కాదు. ఈ మాట కూడా నేను ఇంతవరకు ఎక్కడా ఒప్పుకోలేదు.

ఆయన పనంతా ఒక పాత డెస్క్‌టాప్ మీద. ఉర్దూ పేజీలు చేసే సాఫ్ట్‌వేర్ అందులో ఉండేది. దానికొక తాళం ఉండేది. బొటనవేలంత ప్లగ్గు, డబ్బా వెనక బిగించి ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. హైదరాబాద్ వెళ్లి సొంతంగా కొనుక్కుని తెచ్చుకున్నాడు. దాన్ని ఆయన "చాబీ" అనేవాడు. పొద్దున రాగానే డబ్బా వెనక చెయ్యి పెట్టి అది వదులైందా, గట్టిగా ఉందా అని తడిమి చూసుకున్నాకే కుర్చీలో కూర్చునేవాడు. నాకది చూస్తే నవ్వొచ్చేది. తర్వాత చిరాకు వచ్చేది. ఆ తర్వాత ఆయనేం చేసినా చిరాకే వచ్చింది.

ట్యాబ్లెట్ పిచ్చి నాకు ఒక హోటల్లో పట్టుకుంది. టై కట్టుకున్న కుర్రవాడొకడు వేలితో తోస్తుంటే తెర మీద పెళ్లికార్డులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. వినాయకుడు, నెమలి, చార్మినార్, ఏది కావాలంటే అది. "డౌన్‌లోడ్ చేసుకోండి సార్, పేర్లు మార్చండి, అంతే" అన్నాడు. ఉర్దూ కూడా ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు లోపల ఎంత సంతోషం కలిగిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పని తేలికవుతుందని కాదు. భాయ్ లేకపోయినా నడుస్తుందని.

మర్నాడే ట్యాబ్లెట్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన కాదనలేదు. ఓపిగ్గా చూశాడు. తన పేరు తనే టైపు చేశాడు. ఉర్దూ అక్షరాలు ఒకదాని భుజం మీంచి ఒకటి కిందికి జారుతున్నట్టు ఉండాలి. ఆ తెర మీద అవి బల్లపరుపుగా పడ్డాయి.

"ఇది ఉర్దూ గాదన్నా, ఉర్దూ బొక్కల గూడు" అన్నాడు, అస్థిపంజరమని. "నమూనాలు చూపెట్టనీకి మంచిగున్నది. రుఖా మాత్రం డబ్బా మీదనే చేద్దాం."

దుకాణంలో గిరాకీ ఉంది. ఎవరో భార్యాభర్తలు కార్డులు ఎంచుకుంటున్నారు. వాళ్ల ముందు నేను గొంతు పెంచాను.

"నీకు చేతగాక గట్ల అంటానవ్. లోకమంత మారుతాంది. నువ్వు ఆ డబ్బాతోటే సచ్చేటట్టున్నవ్."

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా నవ్వుతూనే అన్నాడు: "సస్తే సస్త గానీ, చాబీ జర నా జేబుల పెట్టి బొంద పెట్టు."

భార్యాభర్తలిద్దరూ నవ్వారు. నన్ను చూసే నవ్వారని నాకనిపించింది. ఆ మంట నాలో ఆరలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన జుమ్మా నమాజుకు వెళ్లాడు. ఆయన సందు దాటగానే పాత కంప్యూటర్లు కొనేవాడికి ఫోన్ చేశాను. ముందే మాట్లాడిపెట్టుకున్నాను. వాడు ఆటో తెచ్చి డబ్బా, మానిటర్, కీబోర్డు, ఆ కీబోర్డు మీద ఆయన కప్పుకునే గుడ్డతో సహా ఎత్తుకుపోయాడు. వెనక చాబీ ఉందని నాకు గుర్తులేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. గుర్తుంది. వాడు వైర్లు పీకుతుంటే నా కళ్లు దాని మీదే ఉన్నాయి.

భాయ్ టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ లోపలికి వచ్చాడు. ఖాళీ బల్ల చూశాడు. బల్ల మీద దుమ్ములో డబ్బా ఉన్న మేర నలుచదరంగా శుభ్రంగా ఉంది.

"నా చాబీ ఏది?" అన్నాడు.

"గది గూడ పోయింది భాయ్. డబ్బాకే ఉండె."

"నమాజ్‌కు పోయొచ్చేసరికి?"

"చెప్తే ఒప్పుకుంటవా?"

"ఒప్పుకోనని తెల్సే జుమ్మా నాడు పెట్టినవ్."

అప్పటిదాకా నన్ను అన్నా అని పిలిచేవాడు. ఆ రోజు వెళ్తూ "సలాం సేట్" అన్నాడు. ఆ పిలుపులో ఉన్నది గౌరవం కాదని నాకు తెలుసు.

ఊరికి నేను వేరే కథ చెప్పాను. భాయ్‌కి కొత్తవి ఎక్కవు, అలిగి ఇంట్లో కూర్చున్నాడు, రెండు రోజులకు వస్తాడు అన్నాను. అందుకే ఆయన వెళ్లిపోయాడని చాలామందికి తెలియదు. వర్ధన్నపేటలో ఎరువుల దుకాణం ఉన్న పెద్దాయనకు కూడా తెలియదు. ఆయన పెద్దబిడ్డ పెళ్లికి రుఖా కోసం మా దగ్గరికే వచ్చాడు. ఎప్పటిలా మూడు భాషల్లో.

తెలుగు, ఇంగ్లీషు నేను చేశాను. ఉర్దూకు ఒక నమూనా డౌన్‌లోడ్ చేశాను. అందులో ఎవరివో పేర్లు ఉన్నాయి. తెలుగులో కొడితే ఉర్దూగా మార్చి ఇచ్చే యాప్ ఉంది. పెళ్లికూతురి పేరు మార్చాను, పెళ్లికొడుకు పేరు మార్చాను. పెళ్లికూతురి తండ్రి పేరు దగ్గరికొచ్చేసరికి, నమూనాలో ఆ పేరు పక్కన ఇంకో చిన్న మాట ఉంది. గుండ్రటి ముడితో మొదలై అలాంటి ముడితోనే ముగుస్తుంది. చదవడం రాదు. కానీ పెళ్లికార్డులు చేసి చేసి ఉన్నవాణ్ని కదా, పెద్దమనిషి పేరు పక్కన ఏముంటుందో నాకు తెలియదా? గారు. ఇది ఉర్దూలో గారు అయ్యుంటుంది అనుకున్నాను. పేరు మార్చి ఆ మాట అలాగే ఉంచాను.

అక్కడితో ఆగినా సగం పాపమే అయ్యేది. పెళ్లికొడుకు తండ్రి పేరు పక్కన చూస్తే ఆ మాట లేదు. నాకు గుబులు పట్టుకుంది. ఆడపెళ్లివారి పెద్దకు గారు పెట్టి మగపెళ్లివారి పెద్దకు పెట్టకపోతే ఎంత రభస అవుతుందో ఈ పనిలో ఉన్నవాడికి ఒకరు చెప్పాలా? ఒక్క గారు తగ్గిందని కార్డులన్నీ తిప్పికొట్టిన వియ్యాలవారిని చూశాను. కాబట్టి ఆ మాటను కాపీ చేసి వియ్యంకుడి పేరు పక్కన కూడా పెట్టాను. అందంగా కుదిరిందని కూడా అనుకున్నాను.

ప్రూఫ్ వాట్సాప్‌లో పంపాను. పెద్దాయన ఫోన్ చేశాడు. ఆయనదీ తెలుగు చదువే. ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే అయినా రాసింది చదవడం అంతంత మాత్రం.

"తెలుగుది మంచిగున్నది. ఇంగ్లీషుది మా పిల్లగాడు చూసిండు. ఉర్దూది భాయ్ చూసిండా?"

ఇక్కడ నేను నిజం చెప్పొచ్చు. భాయ్ లేడు, ఎవరికైనా చూపించుకోండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే పెద్దాయన కార్డు పట్టుకుని నేరుగా మండిబజార్ వెళ్లేవాడు. భాయ్ లేకుండా నడవదని ఊరికి తెలిసిపోయేది.

"చూసిండు" అన్నాను.

"గట్లయితే ఫికర్ లేదు. కొట్టు మరి."

కార్డులు మగపెళ్లివారి ఊరు చేరాయి. అక్కడి మసీదులో ఇమామ్ సాబ్‌కు మొదటి రుఖా ఇచ్చారట. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, చావుకబురు విన్నప్పుడు చదివే దువా చదివాడట. "అయ్యో, ఇద్దరు ఒక్కసారే పోయిండ్రా? ఎప్పుడు?" అన్నాడట. కార్డు ఇచ్చిన మనిషే పెళ్లికొడుకు తండ్రి.

వాళ్లు మా సందులోకి ఆటో కట్టించుకుని వచ్చారు. పెళ్లికొడుకు మేనమామ లోపలికి వచ్చి కార్డు నా బల్ల మీద కొట్టాడు.

"మా బావ బయట ఆటోల కూసున్నడు. సచ్చిపోయినోడు ఆటోల ఎట్ల కూసున్నడో జర నువ్వే చూసి చెప్పు."

తలుపులోంచి చూశాను. ఆటోలో బావగారు పళ్లు కొరుకుతున్నారు.

"ఇదేం మాటనో ఎరికేనా నీకు?" అని మేనమామ ఆ మాట మీద వేలు పెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు, నేను గారు అనుకున్నది మర్హూమ్ అని.

"ఎవడు చేసిండు ఇది?"

నాలుక దానంతటదే కదిలింది. నాలుక మీద నెట్టేయడం కూడా అబద్ధమే. కదిపింది నేనే. "ఉర్దూ నాకెట్లొస్తది సాబ్? భాయ్ చేసిండు" అన్నాను.

నమ్మారు. ఎందుకు నమ్మరు? ఉర్దూ రుఖా అంటే భాయ్‌దే కదా. ఉర్దూ రానివాడు తప్పు చేస్తే పొరపాటు. వచ్చినవాడు చేస్తే పొగరంటారు, పగంటారు, పిచ్చంటారు. మూడూ అన్నారు. కార్డులు మళ్లీ వేరేచోట వేయించుకున్నారు, పెళ్లి అయింది. పేరు మాత్రం ఆయనకు ఉండిపోయింది. మండిబజార్‌లో చాయ్ తాగుతుంటే "క్యా మర్హూమ్ భాయ్, కబర్‌స్తాన్ నుంచి ఎప్పుడొచ్చినవ్?" అని అడిగేవాళ్లు. ఆయనకు రుఖాలు ఇవ్వడం మానేశారు.

ఒక్కసారి దుకాణానికి వచ్చాడు. మెట్టు ఎక్కలేదు, కిందే నిలబడ్డాడు.

"నేను చెయ్యలేదని వాళ్లకు చెప్పు సేట్. నాకేం ఇయ్యకు. గదొక్కటి చెప్పు."

"చెప్తలే భాయ్. పెళ్లి కానియ్, అందరు జర చల్లబడనీ."

పెళ్లి అయింది. అందరూ చల్లబడ్డారు. చెప్పలేదు. చెప్పకపోవడం అలవాటైపోయింది. తర్వాత ఆ కథను నవ్వించడానికి వాడుకోవడం మొదలుపెట్టాను. ప్రతిసారీ కొంచెం మసాలా కలిపాను. వేదిక ఎక్కేనాటికి నేనే దాన్ని నమ్మేంత దాకా వచ్చాను.

ఆ వీడియో తిరిగి తిరిగి డిగ్రీ చదివే ఒక ఆడపిల్ల ఫోన్‌కి చేరింది. ఆ పిల్ల నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. చిన్నప్పుడు దుకాణంలో నా ఒళ్లో కూర్చుని స్టాంపులు కొట్టుకుంటూ ఆడిన పిల్ల, భాయ్ కూతురు.

"అంకుల్, మీ వీడియో మా క్లాస్ గ్రూపుల వచ్చింది. అందరు నవ్వుతాండ్రు. మా అబ్బాను గట్ల పిలుస్తరని నాకు ఇయ్యాల్టి దాక తెల్వదు. అబ్బా ఇంట్ల ఎన్నడు చెప్పలే. గది నిజమేనా అంకుల్?"

అది ఫోన్‌లో చెప్పే మాట కాదు. బస్సెక్కి వర్ధన్నపేట వెళ్లాను. పెద్దాయన ఎరువుల బస్తాల మధ్య, నేను కార్డు మీద చంపిన మనిషి, నిక్షేపంగా కూర్చుని ఉన్నాడు.

"రా రా! నన్ను సంపినోని దోస్త్ వచ్చిండు. కూసో" అని నవ్వాడు.

కూర్చుని చెప్పాను. చెబుతుంటే ఆయన నవ్వు కొంచెం కొంచెంగా దిగిపోయింది.

"భాయ్ చూసిండా అని నిన్ను అడిగిన్నా లేదా?"

"అడిగినవ్."

"చూసిండన్నవ్."

"అన్న."

"మా చిన్నబిడ్డ షాదీ ఉన్నది. ఆ భాయ్‌తోని రుఖా చేపిద్దామని మావోడొకడంటే నేను తిట్టిన. నువ్వు గూడ నన్ను మర్హూమ్‌ను చేద్దామనుకుంటానవా అన్న. ఇన్ని ఏండ్లు ఆయన ఎదురొస్తే నేను మొకం తిప్పుకున్న." చెయ్యెత్తి బయటికి చూపించాడు. "లే. నా కుర్సీల కూసోకు."

లేచాను.

అక్కడి నుంచి మండిబజార్ వెళ్లాను. భాయ్ ఇంటి ముందు గదిలోనే పని చేసుకుంటున్నాడు. స్కూలు ప్రశ్నపత్రాలు, సభల పోస్టర్లు, దరఖాస్తులు. బల్ల మీద ఒక డెస్క్‌టాప్ ఉంది. కీబోర్డు మీద గుడ్డ. పక్కన ఛార్జింగ్ పెట్టిన ట్యాబ్లెట్. ప్రూఫులు చూపించడానికట. చాబీ ఏదని కళ్లతో వెతికాను. అది గమనించాడు.

"ఇప్పుడు చాబీ లేదు సేట్. సాఫ్ట్‌వేర్ గూడ డౌన్‌లోడే. ఏం కావాలె?"

మారనివాడని నేను ఊరంతా చాటిన మనిషి ఇంట్లో నేను గొప్పలు చెప్పుకునే ప్రతి వస్తువూ ఉంది. నేను పారేసిన వస్తువు కూడా ఉంది. దేన్ని ఎక్కడ వాడాలో ఆయన ఆ రోజే చెప్పాడు. నేను వినలేదు. డెస్క్‌టాప్ పోతుందా, ట్యాబ్లెట్ మిగులుతుందా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. నేను డబ్బాను పంపించింది దాని కాలం అయిపోయిందని కాదు. దాని ముందు కూర్చున్నవాణ్ని పంపించలేక. అంత పని చేసీ నా కార్డులకు చివరి దిద్దుబాటు ఈ రోజుకీ డెస్క్‌టాప్ మీదే చేయిస్తున్నాను, వేరే వీధిలో, వేరే మనిషితో. వేదిక మీద అది కూడా చెప్పలేదు.

"తప్పయింది. మాఫ్ చెయ్ భాయ్" అన్నాను.

"నాకు తెల్వనిదేమన్న చెప్తానవా? చేసింది నువ్వని నాకు మొదటి దినం నుంచి ఎరికె. తెల్వనోళ్లకు చెప్పు. స్టేజీ ఎక్కి చెప్పినవ్ గదా, గట్లనే ఎక్కి చెప్పు."

"నీ బిడ్డ అడిగింది..."

"నా బిడ్డ పేరు తియ్యకు." మొదటిసారి గొంతు పెంచాడు. తర్వాత గుడ్డ తీసి, నేను అక్కడ లేనట్టే టైపు చేయడం మొదలుపెట్టాడు. నిలబడి నిలబడి వచ్చేశాను.

వేదిక దొరకలేదు. మా వ్యాపారుల సంఘం పెద్దను అడిగితే "ఎందుకు గెలుకుతానవ్? నవ్వుకున్నరు, మర్శిపోయిండ్రు. నీ ఇజ్జత్ నువ్వే తీసుకుంటవా?" అన్నాడు. నవ్వుకున్నవాళ్లు మరిచిపోతారు నిజమే.

పోయిన వారం మా కార్డుల గ్రూపులో ఎవరో ఒక రుఖా పెట్టారు. వర్ధన్నపేట పెద్దాయన చిన్నబిడ్డది. నాకు పిలుపు రాలేదు, రావాలని అనుకోనూ లేదు. ఉర్దూ వైపు అక్షరాలు ఒకదాని భుజం మీంచి ఒకటి జారుతున్నాయి. ఎవరి చెయ్యో చెప్పనక్కర్లేదు. నాకు ఇప్పటికీ ఉర్దూ రాదు. ఒక్క మాటను మాత్రం ఎక్కడున్నా గుర్తుపడతాను. ముడితో మొదలై ముడితో ముగిసే మాట. వేలితో తెరను పెద్దది చేసి వెతికాను. ఉంది. తెలుగు వైపు తిప్పి అదే వరుస చూశాను. పెళ్లికూతురి తాత పేరు, దాని ముందు కీ.శే. అని ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మాట తన చోట తను ఉంది.

కార్డు కింద ఒకడు నవ్వే బొమ్మలు పెట్టి అడిగాడు: "ఇది మర్హూమ్ భాయ్ చేసిందేనా? అందరు బతికే ఉన్నరా?"

"ఈ రుఖా ఆయన చేసింది. అప్పటి కార్డు మీద మర్హూమ్ పెట్టింది నేను" అని టైపు చేసి పంపాను.

తర్వాత నన్ను గ్రూపులోంచి తీసేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.